ఒకసారి రమ్మన్నారు

లావణ్య మీటింగ్ గది తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడే ఫోను మోగింది. కొత్త నంబరు.

"చెలిమి సేవా క్లబ్ లావణ్యగారేనాండీ? బ్లడ్ బ్యాంక్ నుంచి నాగమణిని మాట్లాడుతున్నాను. మొన్న నానక్‌రామ్‌గూడలో మీరు పెట్టిన క్యాంపులో తిరుపతి అనే ఆయన రక్తం ఇచ్చారు. మేం ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడం లేదండీ. ఒకసారి మా దగ్గరికి రమ్మని మీరైనా చెప్పగలరా?"

"ఏమైనా సమస్యాండీ?"

"ఆయనతోనే మాట్లాడాలి. స్వయంగా రావాలి. ఇంకొకరికి చెప్పే విషయం కాదు."

లోపల అందరూ ఆమె కోసమే చూస్తున్నారు. అద్దాల గోడలోంచి మేనేజరు వాచీ చూపించాడు. లావణ్య చెయ్యెత్తి ఒక్క నిమిషం అని సైగ చేసి, తిరుపతికి ఫోన్ చేసింది.

తిరుపతి షేర్ ఆటో నడుపుతాడు. నానక్‌రామ్‌గూడలోనే పుట్టి పెరిగినవాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసుకు లావణ్య ఎక్కువసార్లు ఆయన ఆటోలోనే వస్తుంది. ధర్మవరం నుంచి వచ్చి ఈ ఊళ్లో ఉద్యోగంలో కుదురుకున్నాక ఆమెకు పరిచయమైన మొదటి మనుషుల్లో ఆయనొకడు. క్లబ్ కంటి పరీక్షల శిబిరం పెట్టినా, బడిపిల్లలకు సంచులు పంచినా సామాను ఆయన ఆటోలోనే వెళ్లేది. రక్తం మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఈసారి లావణ్యే పట్టుబట్టింది. "ఇగ మీరు గింతగనం అడుగుతుంటె ఇయ్యకపోతే ఎట్ల మేడం" అని నవ్వుతూ వచ్చి పడుకున్నాడు. సర్టిఫికెట్ పట్టుకుని దిగిన ఫోటో క్లబ్ గ్రూపులో పెట్టారు.

"అన్నా, బ్లడ్ బ్యాంక్ వాళ్లు మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు" అంది లావణ్య.

"ఎందుకు మేడం? ఇచ్చిన గద."

"ఏమో అన్నా, రిపోర్టు సంగతనుకుంటా. మీరే పోవాలంట. ఎవరికీ చెప్పొద్దన్నారు."

అవతల ఆటో ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా, వినిపిస్తోందా? తప్పకుండా పోండి, సరేనా?" అని ఫోను పెట్టేసి లావణ్య లోపలికి వెళ్లింది. ఆ మీటింగు పొడుగ్గా సాగింది, దాని వెనక ఇంకొకటి. ఆ సంగతి ఆమె మరిచిపోయింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో కాఫీ కలుపుకుంటుంటే ఫోను వచ్చింది. తిరుపతి నంబరే. ఎత్తితే ఆడగొంతు.

"మేడం, నేను సరితను. ఆటో తిరుపతి ఇంటామెను. మా ఆయనకు మీరేం చెప్పిన్రు?"

"ఏమైందమ్మా?"

"నిన్న మీరు ఫోన్ చేసిన్రంట గద. అప్పటిసంది మనిషి మనిషిలెక్క లేడు. రాత్రి బువ్వ తినలె. ఆయన పళ్లెం, గ్లాసు వేరుగ తీస్కపోయి డాబా మీద పెట్టుకున్నడు. మా బిడ్డ పింకీ ఒళ్లెకు వస్తే నూకేసిండు మేడం. పిల్లను ఎన్నడన్న కసురుకున్నోడు గాదు. పొద్దుగాల లేచి చూస్తే లేడు. ఆటో ఇంటి ముంగటనే ఉంది. ఫోను గూట్లె పెట్టి పోయిండు. నాకు మస్తు బుగులైతుంది."

లావణ్య కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. నిన్న తను అన్న మాటలు ఒక్కొక్కటే చెవిలో వినిపించాయి. రిపోర్టు సంగతి. మీరే పోవాలి. ఎవరికీ చెప్పొద్దు. తనకు ఎవరైనా అలా చెబితే ఏమనుకునేది? తనైతే వెంటనే ఒక డాక్టరు స్నేహితురాలికి ఫోన్ చేసి ఉండేది. తిరుపతి ఎవరికి చేస్తాడు?

మేనేజరుతో ఒంట్లో బాగాలేదని చెప్పి కిందికి దిగింది.

ఆ అద్దాల మేడల వెనక సందులోనే వాళ్ల ఇల్లు. సరిత గడపలో నిలబడి ఉంది. ఆమె పెట్టుకునే ఇడ్లీ బండి ఆ రోజు తెరవలేదు. పింకీ తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని లావణ్యను చూసింది.

"బ్లడ్ బ్యాంకోళ్లు ఎందుకు పిలిచిన్రు మేడం? ఏం రోగం?" సరిత సూటిగా అడిగింది.

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు. వాళ్లు నాకు చెప్పరు."

"మరి తెల్వకుంట ఎట్ల చెప్పిన్రు?"

సరిత కొంగుతో కళ్లు ఒత్తుకుని నెమ్మదిగా చెప్పింది. తిరుపతికి లింగమూర్తి అని ఒక అన్న ఉండేవాడు. లారీలు నడిపేవాడు. ఆ పెద్ద రోగం, ఎయిడ్స్ వచ్చి, దవాఖానకు పోకుండా దాచుకుని దాచుకుని పోయాడు. "పాడె మొయ్యనీకి ఒక్కడంటె ఒక్కడు రాలె మేడం. సొంత మేనమామలు తలుపులేసుకున్నరు. ఈయనొక్కడే అన్నను ట్రాలీ ఆటోల ఏస్కొని తీస్కపోయిండు. గదంత ఈయన మన్సుల ఉంది. ఇప్పుడు తనకు గదే అనుకున్నట్టుంది."

ఆటో స్టాండులో తిరుపతి దోస్తు రవీందర్ ఉన్నాడు. లావణ్యను చూడగానే తల దించుకున్నాడు.

"నిన్న నన్ను అడిగిండు మేడం. రక్తమిచ్చినంక మల్ల ఎందుకు పిలుస్తరని. నాకేం తెల్సు? గా రోగముంటెనే పిలుస్తరంట, అందుకే ఫోన్ల చెప్పరంట అని విన్న. గదే చెప్పిన."

"అట్లెట్ల చెప్తావన్నా, తెలియకుండా!" లావణ్య గొంతు పెరిగింది. పక్కనున్న ఆటోవాళ్లు ఇటు తిరిగారు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, సరిత తనను అడిగింది కూడా అదే మాటని. కోపం జారిపోయి భయం మిగిలింది.

నాగమణికి ఫోన్ చేసింది. మనిషి కనిపించడం లేదని, ఏమిటో కొంచెమైనా చెప్పమని బతిమాలింది.

"నేను చెప్పకూడదండీ. చెబితే రేపు ఇంకెవరూ మమ్మల్ని నమ్మరు" అంది నాగమణి. ఆమె గొంతులో కూడా కంగారు తెలుస్తోంది. "ఆయన దొరికితే ఎంత ఆలస్యమైనా సరే తీసుకురండి. నేను ఇక్కడే ఉంటాను. భయపడవద్దని చెప్పండి."

ఆ చివరి మాట విని లావణ్యకు ఇంకా భయమేసింది.

క్లబ్ అధ్యక్షుడు నారాయణప్ప. హిందూపురం నుంచి వచ్చి నార్సింగిలో అపార్టుమెంట్లు కట్టిన మనిషి. లావణ్య సరిత ఇంటికి తిరిగొచ్చి ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"యాడుండావమ్మా నువ్వు? ముందు పోలీసోళ్లకు చెప్పు. మనం ఫోన్ చేసినామని మాత్రం బయటికి రానీయాకు. క్లబ్బు పేరు పోతాది. రేప్పొద్దున రక్తం ఇయ్యనీకి ఎవురూ రారు..." అంటూ ఆయన ఆగాడు. పింకీ ఏడుపు ఫోనులో వినిపించినట్టుంది. "ఆ పాప ఎవురమ్మా?"

"వాళ్ల పాప సార్."

"అక్కడే ఉండు. కారు తెస్తాండా" అన్నాడు.

నారాయణప్ప రాగానే పింకీని పక్కింటి యాదమ్మ దగ్గర వదిలి ముగ్గురూ బయలుదేరారు. ముందు నార్సింగి దాటి, లింగమూర్తిని పూడ్చిన చోటికి వెళ్లారు. వాన మొదలైంది. సమాధుల మధ్య గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది. సరిత పేరు పెట్టి పిలిచింది. లావణ్య పిలవలేకపోయింది. ఒక మూల ఏదో నీలం గుడ్డ కనిపించి ఆమె అటు పరుగెత్తింది. దగ్గరికి వెళ్తే ఎవరో పారేసిన ఫ్లెక్సీ ముక్క. లింగమూర్తి మట్టి మీద మాత్రం ఇంకా వాడని బంతిపూలు రెండు ఉన్నాయి.

"వచ్చిపోయిండు" అంది సరిత.

కారులోకి ఎక్కుతుండగా తిరుపతి ఫోను సరిత చేతిలో మోగింది. హఫీజ్‌పేట్‌లో ఉండే తిరుపతి అక్క చంద్రమ్మ. స్పీకరులో ఆమె గొంతు గట్టిగా వినిపించింది.

"ఏందే సరితా, తమ్మునితోని లొల్లి పెట్టుకున్నవా? ఇప్పుడే వచ్చి పోయిండు. లోపటికి రమ్మంటె రాలె. గేటు బయటనే నిలవడ్డడు. నీళ్లిస్తె గ్లాసు ముట్టకుంట, చేతులు దోసిలి పట్టి పొయ్యమన్నడు. సరితను, పిల్లను మంచిగ చూస్కో అక్కా అన్నడు. ఏందిరా గిట్ల మాట్లాడుతున్నవ్ అంటుంటె ఇనకుంట పోయిండు."

"ఏ దిక్కు పోయిండు వదినా?"

"రైలు స్టేషన్ దిక్కు."

నారాయణప్ప కారు తిప్పాడు. కొత్తగూడ దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. వానకు అద్దం మీద నీళ్లు కారుతుంటే ముందున్న ఎర్ర లైట్లు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. ఆయన హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. లావణ్య ఫోనులో రైళ్ల వేళలు వెతకబోయి, వెతకలేక మూసేసింది. సరిత ముందు సీటు వెనక భాగాన్ని రెండు చేతులా పట్టుకుని, దాన్ని నెడితే కారు కదులుతుందన్నట్టు కూర్చుంది.

స్టేషన్ ముందు కారు ఆగీ ఆగకముందే సరిత దిగి పరుగెత్తింది. వెనకే లావణ్య. మెట్లు ఎక్కుతుంటే రైలు కూత వినిపించింది. దగ్గరలోనే. ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైలు వచ్చి ఆగుతోంది. దూరంగా ఒక చోట జనం గుంపుగా నిలబడి ఉన్నారు. అందరూ పట్టాల వైపు వంగి చూస్తున్నారు.

లావణ్య ఆగిపోయింది. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేననిపించింది. సరిత ఆగలేదు. జనాన్ని రెండు చేతులతో చీల్చుకుంటూ వెళ్లింది. లావణ్య కళ్లు మూసుకుని అరుపు కోసం ఎదురుచూసింది. అరుపు రాలేదు. కళ్లు తెరిచేసరికి ఆ జనం రైలెక్కుతున్నారు. వానకు కప్పు కింద చేరి, రైలు వస్తోందా అని తొంగి చూసిన ప్రయాణికులు. అంతే.

రైలు కదిలి వెళ్లిపోయాక అతను కనిపించాడు. కప్పు లేని చోట, ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద, వానలో తడుస్తూ. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని కూర్చున్నాడు.

"రాకు! సరితా, దగ్గరికి రాకు!" లేచి వెనక్కి జరిగాడు. వెనక ప్లాట్‌ఫారం అయిపోయి, పట్టాల దగ్గరికి దిగే ఏటవాలు ఉంది.

సరిత వినలేదు. వెళ్లి చొక్కా పట్టుకుని గుంజి, భుజం మీద, వీపు మీద కొట్టింది. "సచ్చిపోదామనుకున్నవా? చెప్పు! నన్ను, పిల్లను ఇడిసిపెట్టి సచ్చిపోదామనుకున్నవా?"

"తెల్వదే. నిజంగ తెల్వదు" అన్నాడు తిరుపతి. ముఖం మీద వాన నీళ్లో కన్నీళ్లో తెలియడం లేదు. "బండ్లు వస్తున్నయ్, పోతున్నయ్. చూస్కుంట కూసున్న. లేద్దామంటె కాళ్లు వస్తలెవ్వు. ఇంటికి పోదామంటె పింకీ యాదికొస్తుంది. గీ చేతుల్తోనే గద దాన్ని ఎత్తుకున్నది."

కొట్టడం ఆపి సరిత అతని మీద వాలిపోయింది. ఆ బరువుకు తిరుపతి తూలాడు. తడి నేల మీద కాలు జారింది. అప్పటికి పక్కకు చేరిన లావణ్య మణికట్టు పట్టుకున్నాడు. అతని బొటనవేలు ఎక్కడో గీసుకుపోయి నెత్తురు కారుతోంది.

లావణ్య చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది. చాలా కొంచెం. కానీ తిరుపతి చూశాడు. వెంటనే వదిలేశాడు.

"మీరు గూడనా, మేడం" అన్నాడు.

లావణ్యకు సిగ్గేసింది. ప్రతి శిబిరంలో మైకు పట్టుకుని, ముట్టుకుంటే ఇలాంటి రోగాలు అంటవని చెప్పేది తనే. ఇప్పుడు ఆ మాట నోట్లోకి రాలేదు. వచ్చినా అతను నమ్మడు.

"అవునన్నా. భయమైంది" అంది చివరికి. "నిన్న మీకు ఫోన్ చేసినప్పుడు ఈ భయం నాకుంటే అట్ల చెప్పేదాన్ని కాదు. మీకేమైందో నాకు తెలియదు. మీకూ తెలియదు. పోయి తెలుసుకుందాం. నేను మీ పక్కనే ఉంటాను."

తిరుపతి పట్టాల వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మళ్లీ ఎక్కడో కూత వినిపించింది. సరిత అతని చొక్కా గుప్పిట్లోంచి వదల్లేదు. వెనక నుంచి ఆయాసపడుతూ వచ్చిన నారాయణప్ప తన గొడుగు తెరిచి వాళ్లిద్దరి మీదా పట్టాడు.

"రాప్పా" అన్నాడు మెల్లగా. "కారు రోడ్డు మీదనే పెట్టొచ్చినా."

బ్లడ్ బ్యాంకులో నాగమణి మాట ప్రకారం కూర్చునే ఉంది. నడివయసు మనిషి. తడిసిన వాళ్లను చూసి ముందు తువ్వాలు ఇచ్చింది. తిరుపతిని ఒక్కణ్నే లోపలికి పిలిచింది. అతను గుమ్మంలో ఆగిపోయి వెనక్కి చూశాడు.

"మా ఆమె సుత వస్తది."

"మీకు ఇష్టమైతే తప్పకుండా రావచ్చు" అంది నాగమణి. తలుపు మూసుకుంది.

లావణ్య, నారాయణప్ప బయట కుర్చీల్లో కూర్చున్నారు. గోడ మీద రక్తదానం గురించి నవ్వే ముఖాల పోస్టరు ఉంది. లావణ్య దాన్ని చూడలేక తలుపు వైపు చూసింది. లోపల నాగమణి గొంతు సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. ఉన్నట్టుండి సరిత ఏడుపు వినిపించింది. నారాయణప్ప లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. సరిత ముందుగా వచ్చింది. "అది కాదంట అక్కా" అంది. అంతవరకు మేడం అన్న మనిషి అక్కా అందని లావణ్యకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. "గా రోగం కాదంట. లివరుకొచ్చేదంట. హెపటైటిస్ బి. పెద్ద దవాఖానల మల్ల పరీక్ష చెయ్యాలె అన్నది."

తిరుపతి ముఖంలో మాత్రం ఊరట లేదు. అతను గుమ్మంలోనే నిలబడి నాగమణిని మళ్లీ అడుగుతున్నాడు. కలిసి తింటే రాదని, ఒకే గ్లాసు నీళ్లు తాగినా, ఎత్తుకున్నా రాదని, బ్లేడు, సూది మాత్రం వేరుగా ఉండాలని ఆమె ఓపిగ్గా మళ్లీ చెప్పింది. దీనికి టీకా ఉందని, ఇంట్లోవాళ్లకు పరీక్ష చేసి, అవసరమైతే వేయించవచ్చని చెప్పింది.

"మరి పింకీకి ఉందా, లేదా?"

"పరీక్ష చేస్తేనే తెలుస్తుంది తిరుపతిగారూ. ఇప్పుడు ఉందనీ, లేదనీ నేను చెప్పలేను."

ఆ ఫలితాలు వచ్చేదాకా గడిచిన రోజులు లావణ్య జీవితంలో అన్నింటికన్నా పొడుగైనవి. ఆఫీసులో కూర్చుంటే పింకీ జబ్బ మీద అతికించిన దూది కళ్లముందు ఆడేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఫలితాలు తీసుకునే రోజు సెలవు పెట్టి వాళ్లతో వెళ్లింది. తల్లికీ పిల్లకూ ఏమీ లేదు. పింకీకి పసితనంలోనే టీకాలన్నీ పడ్డాయి. తిరుపతి లివరు బాగానే ఉందని, ఇప్పుడే మందులు అక్కర్లేదని, అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటూ ఉంటే చాలని డాక్టరు చెప్పాడు. తిరుపతి ఆ మాటలు విని, దవాఖాన మెట్ల మీదే పింకీని ఎత్తుకున్నాడు. పిల్ల దిగుతానన్నా దింపలేదు.

కానీ స్టాండులో మాట అప్పటికే పాకిపోయింది. టీ కొట్టు దగ్గర తిరుపతి వస్తే తక్కినవాళ్లు గ్లాసులు పట్టుకుని పక్కకు జరిగేవాళ్లు. పక్కవీధి పిల్లలు పింకీతో ఆడటం మానేశారు. క్లబ్ సమావేశంలో ఈ సంగతి లావణ్య చెబితే, కదిలించకుండా ఉంటే జనమే మరిచిపోతారని కొందరు అన్నారు.

"ఎవురు మర్సిపోతారు?" అన్నాడు నారాయణప్ప. "ఆయప్ప మర్సిపోతాడా? స్టాండులోనే టెంటు ఏద్దాం. పరీక్ష, టీకా రెండూ అక్కడే. నాగమణమ్మను నేను అడుగుతా."

అనుకున్నట్టే టెంటు వేశారు. నాగమణి ఇద్దరు నర్సులతో వచ్చింది. ఎవరూ రాలేదు. ఆటోలు పక్కనుంచే వెళ్తున్నాయి, డ్రైవర్లు తలలు తిప్పి చూస్తున్నారు. టెంటులోకి వెళ్తే తనకూ ఉందనుకుంటారేమోనని ఒక్కొక్కడి భయం. ఎండ ఎక్కింది. తిరుపతి ఆటో తెచ్చి టెంటు పక్కనే ఆపి, లోపల ఒక కుర్చీలో కూర్చున్నాడు.

చాలాసేపటికి రవీందర్ వచ్చాడు. అటూ ఇటూ చూసి, లావణ్య దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు. "మేడం, నాకు మస్తు పరేషాన్ అయితుంది. గీ సంగతి ఇన్నకాంచి నిద్ర పడ్తలేదు. మేమందరం ఒక్క సెలూన్లనే గడ్డం గీయించుకుంటం. నాకు సుత ఉంటే?"

"ఉంటే మందులున్నాయన్నా. లేకపోతే టీకా ఉంది. ఏదైనా సరే, నీకు ఫోనులో చెప్పరు. నేను కూడా చెప్పను. కబురు వస్తే నువ్వు, నేను కలిసి పోదాం."

రవీందర్ తల ఊపాడు కానీ కదల్లేదు. అతని కళ్లు నర్సు చేతిలోని సూది మీద, తర్వాత తిరుపతి మీద పడ్డాయి.

"అరేయ్ తిరుపతీ" అన్నాడు, ముఖం పక్కకు తిప్పుకుని. "జర ఇటొచ్చి కూసోరాదుర."

తిరుపతి అతన్ని చూశాడు. వెంటనే లేవలేదు. అప్పుడు స్టాండులో ఆ పిచ్చి మాట చెప్పింది ఎవరో ఇద్దరికీ తెలుసు. కాసేపటికి లేచి, కుర్చీ ఈడ్చుకొచ్చి రవీందర్ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"చెయ్యి గట్టిగ పెట్టకు" అన్నాడు. "ఒదులుగ పెడితె నొప్పి ఉండదు."

టెంటు బయట ఇంకొక ఆటో ఆగింది. దాని డ్రైవరు దిగలేదు, వెళ్లిపోనూ లేదు. ఇంజను ఆపి, లోపలికి చూస్తూ కూర్చున్నాడు.